ముందు అడ్రసు, ఆ తర్వాతే మిగతావన్నీ

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా ఉరవకొండ దగ్గర పల్లె. అనంతపురంలో మెకానికల్ ఇంజినీరింగ్ చదివినాను. జర్మనీలో మాస్టర్స్ సీటు, వీసా రెండూ వచ్చినాయి. సెప్టెంబరు మూడో వారంలో బెంగళూరు నుంచి ఫ్లైట్. మా నాయన లోను తీసుకుని బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే అక్కడి ఖర్చులకు నెలనెలా కొంత మాత్రమే వదిలే ఖాతాలో, డబ్బు కట్టినాడు. హాస్టల్ గది మాత్రం దొరకలేదు, వెయిటింగ్ లిస్టులో ఉన్నాను. సీనియర్ అక్క ఒకామె పది రోజులు తన గదిలో ఉండమంది. అక్కడికి పోయినాక ముందు బ్యాంకు అని ఒకరు, ఇన్సూరెన్స్ అని ఇంకొకరు, పార్ట్‌టైమ్ చూసుకో అని మరొకరు చెప్తున్నారు. ఒక వాట్సాప్ గ్రూపులో ఒకాయన 300 యూరోలు ఇస్తే సిటీ రిజిస్ట్రేషన్ చేయిస్తానంటున్నాడు. ఇవ్వచ్చా? మా అమ్మ రెండు పెట్టెల నిండా పచ్చళ్లు, నెయ్యి సర్దుతోంది. ఏం తీసుకుపోవాలి, మొదటి నెల ఎట్లా గడపాలి, చెప్పగలరు.
— ఒక విద్యార్థిని, ఉరవకొండ

సమాధానం: అమ్మా, ముందు ఆ 300 యూరోల సంగతి తేల్చేద్దాం. ఇవ్వొద్దు. ఆ మనిషి ఎంత నమ్మకంగా మాట్లాడినా, మీ గ్రూపులో పదిమంది అట్లాగే చేయించుకున్నామని చెప్పినా ఇవ్వొద్దు.

ఎందుకో వివరంగా చెప్తాం. నీ మొదటి రెండు నెలలు మొత్తం ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి. జర్మనీలో ఎవరు ఏ ఇంట్లో ఉంటున్నారో ఆ ఊరి పౌర కార్యాలయంలో నమోదు చేసుకోవాలి. మన పిల్లలు సిటీ రిజిస్ట్రేషన్ అంటారు, అక్కడ అన్‌మెల్డుంగ్ అంటారు. ఇంట్లోకి దిగిన రెండు వారాల్లోపు చేసుకోవాలని చట్టం. అప్పుడు చేతికి వచ్చే ఒక పేజీ కాగితం మనకు ఆధార్ ఎట్లాంటిదో వాళ్లకు అట్లాంటిది. బ్రాంచిలో బ్యాంకు ఖాతా, పన్ను నంబరు, వీసా తర్వాత అక్కడ ఉండటానికి ఇచ్చే రెసిడెన్స్ పర్మిట్ అన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. దానికి కావలసింది పాస్‌పోర్టు, నింపిన ఫారం, వీటితో పాటు ఇల్లు ఇచ్చినవాళ్లు సంతకం చేసిన ధ్రువీకరణ. ఆ ధ్రువీకరణను వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్ అంటారు. నోరు తిరగకపోయినా పర్వాలేదు, కాగితం మీద రాసి చూపించు. అద్దె ఒప్పందం చూపిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు, సరిపోదు. ఈ ధ్రువీకరణ విడిగా ఉండాలి.

నువ్వు ఉండని ఇంటి అడ్రసు మీద నీ పేరు ఎక్కించడం అక్కడ నేరుగా చట్ట ఉల్లంఘన. అట్లా అడ్రసు ఇచ్చినవాళ్లకు 50,000 యూరోల దాకా జరిమానా వేసే వీలు చట్టంలో ఉంది. నమోదు చేసుకున్న నిన్నూ వదలరు. అంతకన్నా ముందు తగిలే దెబ్బ ఇంకొకటి ఉంది. పన్ను నంబరు, బ్యాంకు కార్డు, దాని పిన్, ఇన్సూరెన్స్ కార్డు, వీసా ఆఫీసు ఉత్తరం అన్నీ పోస్టులో ఆ అడ్రసుకే పోతాయి. ఆ ఇంట్లో ఎవరున్నారో నీకు తెలియదు. వీసా ఆఫీసు పెట్టిన తేదీ నీకు తెలియకుండానే దాటిపోతే ఆ నష్టం ముందు 300 యూరోలు లెక్కలోకే రావు.

మరి ఏం చేయాలి? సీనియర్ అక్క దగ్గర పది రోజులు అతిథిగా ఉండటంలో తప్పేమీ లేదు. సొంతంగా గదిలోకి దిగిన రోజు నుంచి నీ రెండు వారాలు లెక్క. ఆ పది రోజుల్లో, నిజానికి ఈ రోజు నుంచే, వెతకవలసింది స్విషెన్‌మీటె అనే రకం గది. ఎవరో ఇంటర్న్‌షిప్‌కో, ఇంకో దేశంలో సెమిస్టర్‌కో పోతూ రెండు మూడు నెలలకు, ఒక్కోసారి ఆరు నెలలకు తమ గది ఇస్తారు. ఎప్పటికీ ఉండే గది కోసం వందల మంది పోటీ పడతారు, దీనికి పోటీ తక్కువ. ఇందులో చేరి, నమోదు చేసుకుని, నిదానంగా హాస్టల్ కోసం ఎదురు చూడొచ్చు. రాసే మొదటి మెసేజ్‌లోనే ‘అన్‌మెల్డుంగ్ మోగ్లిష్?’ అని అడుగు, అంటే ఈ అడ్రసు మీద నమోదు కుదురుతుందా అని. కుదరదంటే ఎంత చవకైనా, ఎంత దగ్గరైనా ఆ గది నీకు పనికిరాదు. ఇంకొకరి కింద అద్దెకు ఉండేటప్పుడు అసలు యజమాని అనుమతి ఉందా అన్నది రాతపూర్వకంగా తీసుకో. సీనియర్ అక్క వాళ్ల యజమాని ఒప్పుకుని సంతకం పెడితే, నువ్వు నిజంగా అక్కడే ఉంటే, ఆ ఇంటి మీద నమోదు చేసుకోవడం కూడా సక్రమమే.

గదుల మోసాలు అన్నీ ఒకే తీరుగా ఉంటాయి. ఫోటోలు చాలా బాగుంటాయి, అద్దె ఊరి ధర కన్నా తక్కువ ఉంటుంది. యజమాని తాను వేరే దేశంలో ఉన్నానని, డిపాజిట్ పంపితే తాళం చెవి కొరియర్లో పంపుతానని అంటాడు. నమ్మకం కోసం తన పాస్‌పోర్టు కాపీ కూడా పంపుతాడు, అది ఇంకెవరిదో దొంగిలించినది. ఇల్లు నువ్వైనా, నీకు తెలిసినవాళ్లైనా కళ్లారా చూడకుండా డబ్బు పంపొద్దు. ఉరవకొండలో ఉండి మీ నాయన చేత డిపాజిట్ కట్టించడం కన్నా, అక్కడికి పోయి వారం రోజులు ప్రయాణికుల హాస్టల్లో మంచానికి అద్దె కట్టుకోవడం మేలు.

అద్దె మాటల్లో రెండు ముఖ్యం. కాల్ట్ అంటే గది అద్దె మాత్రమే, వార్మ్ అంటే నీళ్లు, హీటింగ్ కలిపి. ప్రకటనలో 280 చూసి మురిసిపోయి, చేరాక 390 కట్టేవాళ్లు ఉన్నారు. కరెంటు, ఇంటర్నెట్ వార్మ్‌లో ఉన్నాయా లేవా విడిగా అడుగు. డిపాజిట్‌ను కౌట్సియోన్ అంటారు. అది మూడు నెలల కాల్ట్ అద్దె మించకూడదు, దాన్ని మూడు నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు కూడా అద్దెదారుకు ఉంది. దిగే రోజు గోడలు, కిటికీలు, స్టవ్, పరుపు అన్నిటికీ ఫోటోలు తీసి, గది ఏ స్థితిలో ఇచ్చారో రాసిన కాగితం మీద ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. పోయేటప్పుడు డిపాజిట్ వెనక్కి వచ్చేది దాన్ని బట్టే.

గదిలోకి దిగిన రోజే చేయవలసిన చిన్న పని ఒకటుంది, దీన్ని చేయక మన పిల్లలు చాలా కష్టపడతారు. పోస్టు డబ్బా మీద నీ పేరు అంటించాలి. అక్కడి అడ్రసుల్లో మామూలుగా ఫ్లాట్ నంబరు ఉండదు. వీధి, ఇంటి నంబరు, ఆ తర్వాత డబ్బా మీద పేరు చూసే పోస్టుమ్యాన్ ఉత్తరం వేస్తాడు. పేరు లేకపోతే వెనక్కి పంపేస్తాడు. మన తెలుగు పేర్లతో ఇంకో చిక్కు. ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనక, ఒక్కో సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరంగా. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్లకైతే ఒక్కో ఆఫీసు ఒక్కో తీరుగా రాసేస్తుంది. నీ పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలే ప్రమాణం. రిజిస్ట్రేషన్ కాగితం కౌంటర్ దగ్గరే చదువు, ఒక్క అక్షరం తప్పున్నా అక్కడే దిద్దించు. తర్వాత బ్యాంకుకు, ఇన్సూరెన్స్‌కు, యూనివర్సిటీకి అదే వరసలో అదే పేరు ఇవ్వు. డబ్బా మీద ఇంటిపేరు పూర్తిగా, పెద్ద అక్షరాల్లో రాయి. అక్క దగ్గర ఉన్న పది రోజులూ అడ్రసులో ‘బై’ అని రాసి ఆమె ఇంటిపేరు చేర్చాలి, అంటే ఫలానావారి దగ్గర అని.

రిజిస్ట్రేషన్ అపాయింట్‌మెంట్ కొన్ని ఊళ్లలో మూడు నాలుగు వారాల దాకా దొరకదు. దాన్ని టెర్మిన్ అంటారు. అడ్రసు ఖాయం కాగానే, ఇంకా గదిలోకి దిగకముందే ఆన్‌లైన్లో తీసుకో. ఉదయం ఆఫీసు తెరిచే వేళకు సైటు చూస్తే రద్దయినవి దొరుకుతుంటాయి. గడువులోగా దొరక్కపోతే, ముందే బుక్ చేసుకున్నట్టు వచ్చిన మెయిల్ దాచుకో, ఆలస్యానికి అదే ఆధారం. ఫారంలో మతం గడి ఉంటుంది. క్యాథలిక్ అనో ఎవాంగెలిష్ (ప్రొటెస్టంట్) అనో రాస్తే, నువ్వు ఆదాయపు పన్ను కట్టే జీతం సంపాదించిన రోజు ఆ పన్ను మీద రాష్ట్రాన్ని బట్టి 8 లేదా 9 శాతం చర్చి పన్ను పడుతుంది. మన దగ్గర క్రైస్తవ కుటుంబాల పిల్లలు ఇది తెలిసి రాయాలి.

ఇప్పుడు మిగతా వరస. ఇన్సూరెన్స్ మొదలుపెట్టడానికి నువ్వు అక్కడికి పోయేదాకా ఆగనవసరం లేదు. టీకే, ఏఓకే, బార్మర్ లాంటి ప్రభుత్వ ఆరోగ్య బీమా సంస్థల్లో ఏదో ఒకదానికి ఇంటి నుంచే దరఖాస్తు పెట్టొచ్చు. 30 ఏళ్ల లోపు విద్యార్థులకు నెలకు సుమారు 140 నుంచి 150 యూరోలు. వాళ్లు నీ బీమా వివరం యూనివర్సిటీకి ఆన్‌లైన్లో పంపుతారు, ఆ సందేశాన్ని ఎం10 అంటారు. అది చేరకపోతే నీ ఎన్‌రోల్‌మెంట్ ఆగిపోతుంది. చాలామంది ఫీజు కట్టి, కాగితాలన్నీ ఎక్కించి, ఎందుకు పెండింగ్‌లో ఉందో తెలియక తిరుగుతుంటారు. ఇన్సూరెన్స్‌వాళ్లకు ఫోన్ చేసి ‘ఎం10 పంపారా’ అని అడిగితే చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

ఈ బీమా సాధారణంగా సెమిస్టర్ మొదలయ్యే అక్టోబరు 1 నుంచి పనిచేస్తుంది. నువ్వు సెప్టెంబరులో దిగుతావు కాబట్టి మధ్యలో రోజులకు ప్రయాణ బీమా తప్పనిసరి. అయితే ఆ ప్రయాణ బీమానే, నెలకు 30, 40 యూరోల ప్రైవేటు పాలసీనే చదువు మొత్తానికి చాలని ఎవరైనా చెప్తే వినొద్దు. ప్రైవేటుకు పోవడానికి ప్రభుత్వ బీమా నుంచి మినహాయింపు కాగితం తీసుకుంటే ఆ చదువు అయ్యేదాకా వెనక్కి రాలేవు. పంటి నొప్పికో, అపెండిక్స్ ఆపరేషన్‌కో బిల్లు వచ్చినప్పుడు ఆ 100 యూరోల మిగులు ఎంత ఖరీదైనదో తెలుస్తుంది.

డబ్బు గురించి మీ నాయనకు ఇప్పుడే అర్థమయ్యేలా చెప్పు. బ్లాక్డ్ అకౌంట్‌లో ఉన్న 11,904 యూరోలు నువ్వు దిగిన రోజు నీ చేతికి రావు. నెలకు 992 చొప్పున, అదీ నువ్వు జర్మన్ బ్యాంకులో మామూలు ఖాతా తెరిచి దాని నంబరు వాళ్లకు ఇచ్చాకే వస్తుంది. ఆ ఖాతాకు కొన్ని బ్యాంకులు రిజిస్ట్రేషన్ కాగితం అడుగుతాయి, దానికి గది కావాలి, గదికి డిపాజిట్ కావాలి. ఈ ముడిలో మొదటి నాలుగైదు వారాలు గడిచిపోతాయి. కాబట్టి చేతిలో విడిగా 2,000 యూరోలు ఉండాలి. ఒక మోస్తరు ఊళ్లో లెక్క ఇట్లా ఉంటుంది: మొదటి నెల అద్దె 350 నుంచి 400, డిపాజిట్ మొదటి విడతో మొత్తమో 300 నుంచి 900, సెమిస్టర్ కంట్రిబ్యూషన్ ఇంకా కట్టకపోతే యూనివర్సిటీని బట్టి 100 నుంచి 400, తిండి 200, పరుపు దుప్పటి గిన్నెలకు 100. మ్యూనిక్ లాంటి చోట ఇంకా ఎక్కువ పట్టుకోవాలి. అందులో 400 దాకా నోట్లుగా, 10, 20, 50 నోట్లలో ఉంచుకో. మిగతాది విదేశాల్లో వాడే ప్రీపెయిడ్ ఫారెక్స్ కార్డులో వేయించు. చిన్న బేకరీల్లో కార్డు తీసుకోని చోట్లు ఇంకా ఉన్నాయి.

బ్యాంకు కార్డు ఒక ఉత్తరంలో, పిన్ వేరే రోజు వేరే ఉత్తరంలో వస్తాయి, ఒకటే వచ్చిందని కంగారు పడొద్దు. అద్దె, ఇన్సూరెన్స్, ఫోను అన్నీ ఖాతా నుంచి వాళ్లే లాగేసుకునేలా పెడతారు. లాగే రోజు డబ్బు లేకపోతే చెల్లింపు వెనక్కి పోయి రుసుము పడుతుంది. ఇన్సూరెన్స్ విషయంలో ఇది తరచూ జరుగుతుంది. ఖాతా తెరవడం ఆలస్యమైతే అక్టోబరు, నవంబరు రెండు నెలలదీ ఒకేసారి, దాదాపు 290 యూరోలు లాగుతారు. ఆ మొత్తం ముట్టకుండా పక్కన పెట్టు.

రిజిస్ట్రేషన్ అయిన కొన్ని వారాలకు 11 అంకెల పన్ను నంబరు పోస్టులో వస్తుంది. జీవితాంతం అదే నంబరు, ఫోటో తీసి దాచుకో. దాని వెనకే రేడియో, టీవీ రుసుము ఉత్తరం వస్తుంది, నెలకు 18.36 యూరోలు. నా దగ్గర టీవీ లేదు కదా అని చింపేయొద్దు, టీవీ ఉన్నా లేకున్నా ఇంటికి ఒకరు కట్టాల్సిందే. అయితే ఇంటికి ఒక్కరే. నలుగురు పంచుకునే ఫ్లాటులో ఇప్పటికే ఒకరు కడుతుంటే, వాళ్ల నంబరు రాసి జవాబు పంపు, నీకు పడదు. మీరంతా కలిసి ఆయనకు వంతు ఇచ్చుకోండి. జవాబు ఇవ్వకపోతే బకాయి పేరుకుంటుంది.

వీసా మీద ఉన్న చివరి తేదీ ఈ రోజే చూసుకో. ఎక్కువమందికి కొన్ని నెలలకే ఇస్తారు. ఆ తేదీ దాటకముందే రెసిడెన్స్ పర్మిట్‌కు దరఖాస్తు చేరాలి. ఆ వీసా ఆఫీసు పేరు అవుస్‌లెండర్‌బెహోర్డె. అపాయింట్‌మెంట్లు నెలల తరబడి దొరకవు, కాబట్టి రిజిస్ట్రేషన్ అయిన వారంలోనే దరఖాస్తు పంపి, పంపినట్టు రుజువు ఉంచుకో. గడువులోగా దరఖాస్తు ఇచ్చి ఉంటే, వాళ్లు నిర్ణయం చెప్పేదాకా నీ పాత అనుమతి కొనసాగుతుంది. ఆ మేరకు ఫిక్సియోన్స్‌బెషైనిగుంగ్ అనే పత్రం అడగొచ్చు. ఆ పత్రం గానీ పర్మిట్ కార్డు గానీ చేతిలో లేకుండా ఇంట్లో పెళ్లి ఉందని ఇండియాకు టికెట్ కొనొద్దు, వెనక్కి రావడం కష్టమవుతుంది.

ఫోనుకు ప్రీపెయిడ్ సిమ్ చాలు. రెండేళ్ల కాంట్రాక్టు మీద ఫోను చవకగా వస్తుందని స్టేషన్ దగ్గర దుకాణాల్లో చెప్తారు, మొదటి ఏడాది దాని జోలికి పోవద్దు. ఇండియా సిమ్‌కు రోమింగ్ ఇక్కడి నుంచే వేయించుకుని పో. బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి, అక్కడికి పోయాక వేయించడం తలనొప్పి.

సెమిస్టర్ టికెట్ ఉన్న యూనివర్సిటీల్లో కూడా అది అక్టోబరు 1 నుంచే. సెప్టెంబరులో ట్రామ్ ఎక్కితే టికెట్ కొనాల్సిందే. టికెట్ లేకుండా పట్టుబడితే 60 యూరోలు, కొత్తగా వచ్చానంటే వదలరు. కాగితం టికెట్ కొన్నా చాలా ఊళ్లలో దాన్ని చిన్న మిషన్లో ముద్ర వేయించాలి. వేయకపోతే టికెట్ లేనట్టే లెక్క. దేశమంతా తిరిగే డాయిచ్‌లాండ్‌టికెట్ 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు. అది సిటీ బస్సులు, ట్రామ్‌లు, ప్రాంతీయ రైళ్లకే గానీ ఐసీఈ లాంటి వేగం రైళ్లకు చెల్లదు. నెలనెలా దానంతటదే పొడిగింపు అవుతుంది, ఆపాలంటే ఆ నెల 10వ తేదీలోపు చెప్పాలి.

ఇక పెట్టెల సంగతి. మీ అమ్మతో ఈ రెండు మాటలు గట్టిగా చెప్పు. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి పాలతో చేసినవి, మాంసంతో చేసినవి తీసుకుపోవడం నిషేధం. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి అన్నీ అందులోకే వస్తాయి. దొరికితే పారేస్తారు, జరిమానా కూడా వేయొచ్చు. పచ్చి కరివేపాకు, పచ్చిమిర్చి, నిమ్మకాయలు కూడా మొక్కల ఆరోగ్య పత్రం లేకుండా కుదరవు. నెయ్యి కోసం బాధపడొద్దు. అక్కడ మంచి వెన్న ప్రతి దుకాణంలో దొరుకుతుంది, పావు కిలో వెన్న సన్నని మంట మీద కాచితే నెయ్యే.

తీసుకుపోవలసినవి అక్కడ దొరకనివి, లేదా రుచి కుదరనివి. మన కారంపొడి ఒక కిలో, చెనిక్కాయల పొడి ఒక కిలో, చింతపండు అరకిలో, ధనియాల పొడి, ఎండబెట్టి దంచిన కరివేపాకు పొడి, నూనె తక్కువ వేసిన గోంగూర, మామిడికాయ పచ్చళ్లు ఒక్కొక్కటి అరకిలో, రాగిపిండి రెండు కిలోలు. అంతా కలిపి ఆరేడు కిలోలు దాటనీయొద్దు. చాలా ఎకానమీ టికెట్లలో ఒక్కో పెట్టెకు 23 కిలోల పరిమితి, ఎన్ని పెట్టెలో నీ టికెట్లో చూడు. పచ్చళ్లు మూత బిగించే ప్లాస్టిక్ డబ్బాలో పోసి, పైన ముప్పావు దాకానే నింపి, రెండు కవర్లలో చుట్టి పెట్టెలో పెట్టాలి. చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర ద్రవాల లెక్కలో తీసేస్తారు. బియ్యం, కందిపప్పు మోయొద్దు. సోనామసూరి ఇండియన్ షాపుల్లో 5, 10 కిలోల సంచుల్లో ఉంటుంది. టర్కీవాళ్ల దుకాణాల్లో కొత్తిమీర, పచ్చిమిర్చి, వంకాయ, బెండకాయ, శనగలు మామూలు సూపర్‌మార్కెట్ కన్నా చవక. వాళ్ల 10 శాతం కొవ్వున్న పెరుగు మన గేదె పెరుగుకు దగ్గరగా ఉంటుంది.

కుక్కర్ తీసుకుపోయేటట్టయితే అల్యూమినియంది వద్దు, ఇండక్షన్ స్టవ్ మీద పనిచేయదు. ఇండక్షన్ అడుగున్న మూడు లీటర్ల స్టీలు కుక్కర్ తీసుకో, గాస్కెట్ ఒకటి అదనంగా పెట్టుకో. కరెంటు వోల్టేజి మనదే, 230. మన మూడు కాళ్ల ప్లగ్గు మాత్రం అక్కడి సాకెట్లో పట్టదు. రెండు అడాప్టర్లు, ఒక మల్టీప్లగ్ బోర్డు చాలు. చలికోటు ఇక్కడ కొనొద్దు. మన దగ్గర అమ్మేవి అక్కడి వర్షం, గాలి కలిసిన చలికి ఆగవు. ఒక స్వెట్టరు, వాన జాకెట్‌తో దిగి, అక్టోబరులో అక్కడ కొనుక్కో, సెకండ్‌హ్యాండ్ దుకాణాల్లో కూడా మంచివి ఉంటాయి. కళ్లద్దాలుంటే రెండో జత తప్పకుండా చేయించుకో, అక్కడ పెద్దవాళ్ల అద్దాల ఖర్చు బీమా సాధారణంగా భరించదు. పళ్లకు పని ఉంటే ఇక్కడే ముగించుకో. రోజూ వాడే మందులు మూడు నెలలకు మించకుండా, డాక్టరు ఇంగ్లీషులో రాసిన చీటీతో తీసుకుపో.

సర్టిఫికెట్ల ఒరిజినల్స్, మన చదువు పత్రాలు అసలైనవని జర్మనీవాళ్లు పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్, అడ్మిషన్ లెటరు, బ్లాక్డ్ అకౌంట్ పత్రం, బీమా పత్రం, అక్క అడ్రసు, ఫోన్ నంబరు కాగితం మీద రాసింది, ఇవన్నీ చేతి సంచిలో. దిగిన చోట ఇమిగ్రేషన్ అధికారి అడిగేది వాటినే, పెట్టె రాకపోయినా నీకు కావలసింది వాటినే. బెంగళూరు విమానాశ్రయం దేవనహళ్లి దగ్గర, మన అనంతపురం హైవే మీదే ఉంది కాబట్టి బెంగళూరు ఊళ్లోకి పోనవసరం లేదు. అయినా కనీసం నాలుగు గంటల ముందు అక్కడుండేలా బయలుదేరండి.

వంటింటి విషయం కొంచెం ఆగి చెప్పాలి. హాస్టల్ గదుల్లో, వరండాల్లో పొగ పసిగట్టే అలారాలు ఉంటాయి, కొన్ని భవనాల్లో అవి నేరుగా ఫైర్ స్టేషన్‌కు కలిపి ఉంటాయి. ఎండుమిర్చి తాలింపు మాడితే ఆ ఘాటుకు అలారం మోగుతుంది. ఊరికే ఫైరింజను రప్పించినందుకు ఖర్చు నీ మీద పడొచ్చు. తాలింపు వేసే ముందు కిటికీ తెరిచి, వరండా వైపు తలుపు మూసి, ఎగ్జాస్ట్ వేసి, మంట తగ్గించి వేయాలి. పొగ వస్తోందని వరండా తలుపు తెరవడమే పెద్ద తప్పు, అక్కడా అలారం ఉంటుంది.

ఇంకొకటి తేమ. అనంతపురంలో తడిగుడ్డ గంటలో ఆరిపోతుంది కాబట్టి ఈ సమస్య మనకు తెలియదు. అక్కడ చలికాలంలో కిటికీలు మూసుకుని అన్నం వండి, గదిలోనే బట్టలారేస్తే ఆ ఆవిరి చల్లని గోడ మూలల్లో చేరి నల్లని బూజు పడుతుంది. దానికి డిపాజిట్‌లో కోత పెడతారు, నీకు దగ్గు పట్టుకుంటుంది. రోజుకు రెండు మూడుసార్లు హీటర్ తగ్గించి, కిటికీ పూర్తిగా తెరిచి, ఐదు పది నిమిషాలకు మూసేయి. కిటికీని వాలుగా రోజంతా తెరిచి ఉంచితే గోడ చల్లబడి బూజు ఇంకా ఎక్కువవుతుంది, హీటింగ్ బిల్లూ పెరుగుతుంది.

ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, అక్టోబరు 3న కూడా సెలవు. శనివారం సాయంత్రానికే పాలు, కూరలు తెచ్చుకో. కుళాయి నీళ్లు తాగొచ్చు. బాటిల్ కొంటే ‘స్టిల్’ అని ఉన్నది గ్యాస్ లేనిది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ బాటిళ్లకు, కూల్‌డ్రింక్ డబ్బాలకు 25 సెంట్ల డిపాజిట్ కలిపి తీసుకుంటారు, ఖాళీవి నలపకుండా దుకాణం మిషన్లో వేస్తే వెనక్కిస్తారు. చెత్త కాగితానికి, ప్యాకింగ్‌కు, తిండి వ్యర్థాలకు, మిగతాదానికి వేరువేరు డబ్బాలు. రాత్రి 10 తర్వాత మిక్సీ, వాషింగ్ మెషిన్, గట్టి ఫోన్ మాటలు వద్దు, పక్కవాళ్లు యజమానికి ఫిర్యాదు చేస్తారు.

పార్ట్‌టైమ్ గురించి. అనుమతి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు, లేదంటే క్లాసులు జరిగే కాలంలో వారానికి 20 గంటల వరకు. కనీస వేతనం 2026లో గంటకు 13.90 యూరోలు. అంతకు తక్కువకు, చేతికి నోట్లిచ్చి, కాగితం లేకుండా పని చేయించుకునేవాళ్లు ఉంటారు. జీతం ఎగ్గొట్టినా నువ్వు ఎవరికీ చెప్పుకోలేవు, పట్టుబడితే నీ పర్మిట్‌కే ముప్పు. ఇంకొకరి డెలివరీ ఐడీ అద్దెకు తీసుకోవడం కూడా అంతే. లోను గుర్తొచ్చి మొదటి నెలలోనే పని వెతకాలనిపిస్తుంది, అది అర్థమవుతుంది. కానీ పన్ను నంబరు రాకముందు చేరితే ఎక్కువ పన్ను కోత తరగతిలో వేస్తారు. జర్మన్ రాకపోతే దొరికేది గోదాము రాత్రి షిఫ్టులే, అవి ఉదయం క్లాసులను తినేస్తాయి. మొదటి సెమిస్టర్‌కు బ్లాక్డ్ డబ్బుతో గడిచేలా లెక్క వేసుకుని, రోజుకు గంట జర్మన్‌కు పెట్టు. రెండో సెమిస్టర్ నుంచి నీ సబ్జెక్టులోనే పని వెతుక్కునే వీలుంటుంది.

చదువులో మన పిల్లలను దెబ్బతీసేది ఒకటే. లెక్చర్లకు చాలాచోట్ల హాజరు తీసుకోరు, ఎవరూ వెంటపడరు. పరీక్షకు మాత్రం విడిగా ఆన్‌లైన్లో నమోదు చేసుకోవాలి, గడువు పరీక్షకు వారాల ముందే ముగుస్తుంది. ఒక్క రోజు దాటినా ఆ సెమిస్టర్‌కు పరీక్ష లేదు. చాలా కోర్సుల్లో తప్పనిసరి సబ్జెక్టు మూడుసార్లు తప్పితే ఆ చదువు అంతటితో ఆగిపోతుంది. మార్కులు 1.0 అత్యుత్తమం, 4.0 పాస్. నీ కోర్సు నియమావళి దిగిన మొదటి వారంలోనే చదివి, ఈ గడువులన్నీ ఫోన్‌లో అలారంగా పెట్టుకో.

ఇంటి బెంగ గురించి నువ్వు రాయలేదు గానీ మేం రాస్తాం. అది మొదటి వారంలో ఎక్కువగా తెలియదు, పనుల్లో పడి ఉంటావు. అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారం గంట వెనక్కి జరుపుతారు, అప్పటి నుంచి సాయంత్రం ఐదుకే చీకటి, డిసెంబరులో నాలుగుకే. గదిలో ఒక్కదానివే కూర్చునే రోజులు అవి. సెప్టెంబరులో మనకూ వాళ్లకూ మూడున్నర గంటల తేడా, చలికాలంలో నాలుగున్నర. నువ్వు రాత్రి ఎనిమిదికి చేస్తే ఇంట్లో పన్నెండున్నర. కాబట్టి నీ మధ్యాహ్నం రెండు మూడు గంటలకు, అమ్మానాయన పొలం పనులు ముగించుకుని కూర్చునే వేళకు మాట్లాడేలా పెట్టుకోండి. రోజూ గంటసేపు వీడియో కాల్ కన్నా పది నిమిషాల మాట మేలు, మిగతా సమయం అక్కడి మనుషులతో గడపాలి. పగటి వెలుతురు ఉన్నప్పుడు అరగంటైనా బయట నడువు. రెండు మూడు వారాలు వరసగా నిద్ర పట్టక, తిండి సయించక, క్లాసుకు పోబుద్ధి కాకపోతే ఆలస్యం చేయొద్దు. విద్యార్థి సంక్షేమ సంస్థ అయిన ష్టుడీరెండన్‌వెర్క్‌లో మానసిక సలహా విభాగం ఉంటుంది, చాలా ఊళ్లలో ఇంగ్లీషులో మాట్లాడతారు, ఎక్కువచోట్ల డబ్బు తీసుకోరు. అక్కడ చెప్పుకున్నది యూనివర్సిటీకి గానీ వీసా ఆఫీసుకు గానీ పోదు.

ఒంట్లో బాగాలేకపోతే ముందు ఇంటి దగ్గరి హౌస్‌ఆర్ట్స్ట్ అనే మామూలు డాక్టరు దగ్గరికి, ఇన్సూరెన్స్ కార్డుతో. ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఒకరిని చూసుకుని పెట్టుకో, జ్వరంలో వెతుక్కోవడం కష్టం. రాత్రిళ్లు, సెలవు రోజుల్లో అయితే 116117కు, ప్రాణాపాయం అయితే 112కు ఫోన్ చేయాలి, పోలీసులకు 110. ఈ మూడూ ఈ రోజే ఫోన్‌లో ఎక్కించుకో, మీ సీనియర్ అక్క నంబరు పక్కనే.